విశాఖపట్నంలో పురుష సంతానలేమి: వృత్తి, పరీక్ష, వైద్యం

సంతానలేమిని వైద్యశాస్త్రం జంట సమస్యగా లెక్కిస్తుంది. ఏ గర్భనిరోధక సాధనమూ వాడకుండా పన్నెండు నెలల పాటు క్రమంగా కలుస్తున్నా గర్భం రాకపోతే ఆ జంటకు పరీక్షలు అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం వయోజనుల్లో సుమారు 17.5 శాతం మంది, అంటే ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ స్థితిని ఎదుర్కొంటున్నారు. ఇలాంటి జంటల్లో దాదాపు ఐదో వంతులో లోపం మగవాడి వైపే ఉంటుంది. ఇద్దరిలోనూ ఏదో ఒక లోపం ఉన్నవారిని కలుపుకుంటే మగవాడి వాటా సగానికి చేరుతుంది. వైద్యులకు ఈ లెక్క పాతదే. అయినా తెలుగింట పెళ్లయిన ఆరు నెలలకు "విశేషం ఏమైనా ఉందా?" అన్న ప్రశ్న కోడలికే ఎదురవుతుంది. ఏడాది తిరిగితే స్కానింగు గదికి ఆమే వెళ్తుంది. ట్యూబుల పరీక్ష, ఒక్కోసారి లాపరోస్కోపీ కూడా అయిపోయాక గాని భర్తకు వీర్య పరీక్ష చేయించాలన్న సంగతి గుర్తుకు రాదు. ఈ వరస మారాలన్నదీ, విశాఖపట్నం లాంటి రేవు నగరంలో, ఉక్కు నగరంలో మగవాడి పరీక్షతో పాటు అతడు చేసే పనినీ విచారించాలన్నదీ ఈ వ్యాసం వాదన.

వీర్యకణం తయారయ్యే తీరు చూస్తే పనికీ సంతానానికీ ఉన్న ముడి అర్థమవుతుంది. వృషణాల్లోని మూలకణం నుంచి పూర్తి రూపం గల వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత అది ఎపిడిడిమిస్ అనే సన్నని గొట్టంలో కొన్ని రోజులుండి ఈదే శక్తి తెచ్చుకుంటుంది. కాబట్టి ఇవాళ్టి పరీక్షలో కనిపించే ఫలితం గత మూడు నెలల్లో ఆ శరీరం ఎంత వేడిలో, ఎలాంటి గాలిలో, ఏ జబ్బుతో గడిపిందో దాని మీద ఆధారపడి ఉంటుంది. వృషణాలు కడుపులో కాక బయటి తిత్తిలో ఉండడానికీ కారణం ఉంది: శరీర ఉష్ణోగ్రత కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువలోనే ఈ తయారీ సవ్యంగా సాగుతుంది. తిత్తి చర్మం వేడికి వదులవుతుంది, చలికి ముడుచుకుంటుంది, చెమటతో చల్లబడుతుంది. ఈ ఏర్పాటుకు వీలు లేకుండా చేసే ఏ పరిస్థితైనా తయారీని దెబ్బతీస్తుంది. గట్టి జ్వరం వచ్చి తగ్గిన మనిషిలో కూడా ఆ తర్వాతి రెండు మూడు నెలలు కణాల సంఖ్య పడిపోయి మళ్లీ కోలుకోవడం వైద్యులు చూస్తూనే ఉంటారు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ తరచూ పలకరించే ఉత్తరాంధ్రలో ఇది చిన్న విషయం కాదు. జ్వరం తగ్గిన మరుసటి నెలలో వచ్చిన రిపోర్టు పట్టుకుని ఏ మగవాడి భవిష్యత్తూ తేల్చకూడదు.

విశాఖలో మగవారి జీవనోపాధిలో వేడి పెద్ద భాగం. 1933లో రేవు తెరుచుకున్నప్పటి నుంచి ఈ ఊరు బొగ్గు, ఖనిజం, నూనె, ఎరువుల చుట్టూ పెరిగింది. 1941లో పునాది పడిన నౌకా నిర్మాణ కేంద్రం హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న ఉద్యమం ఫలితంగా 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారాన్ని 1992లో ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లని పేర్లు పెట్టుకున్నాం గాని వాటిలోంచి వచ్చే కరిగిన ఇనుము వేడి 1,500 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. కోక్ ఓవెన్ పైకప్పు మీద, స్టీల్ మెల్ట్ షాపులో, రోలింగ్ మిల్లులో ఎనిమిది గంటల డ్యూటీ చేసే మనిషికి రక్షణ దుస్తుల బరువు అదనం. పైగా ఇది సముద్రతీరం. మే నెలలో రాయలసీమ కంటే ఇక్కడ థర్మామీటరు తక్కువ చూపించినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు. పనిలో వేడి సంతానంపై చూపే ప్రభావాన్ని ఇతర దేశాల్లో నేరుగా పరిశీలించారు. ఇటలీలో సిరామిక్ బట్టీల దగ్గర పనిచేసేవారిపై 1992లో వెలువడిన అధ్యయనంలో, బట్టీకి దూరంగా ఉండేవారి కంటే వారికి సంతానం విషయంలో ఇబ్బంది ఎక్కువని తేలింది. అదే దేశంలోని పాడువా వైద్యులు 2013లో ప్రచురించిన పరిశీలన ఇంకా స్పష్టంగా ఉంది: పదిమంది ఆరోగ్యవంతులు మూడు నెలలు వారానికి రెండుసార్లు ఆవిరి గదిలో పావుగంట కూర్చుంటే వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గాయి. అది మానేసిన ఆరు నెలలకు మళ్లీ మామూలయ్యాయి. ఈ పరిశీలనలో ఆశ కలిగించే సంగతి ఆ చివరి భాగమే. వేడి వల్ల వచ్చే నష్టం చాలావరకు తిరిగి పూడుతుంది, ఆ కారణాన్ని ముందుగా గుర్తించగలిగితే.

కొలిమి దగ్గర లేనివారికి ఈ ముప్పు లేదనుకోవడం పొరపాటు. రేవు నుంచి బొగ్గు, కంటైనర్లు మోసుకెళ్లే లారీ డ్రైవరు సీటు మీద గంటల తరబడి కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుంటాడు. ఫ్రాన్స్‌లో 2000లో వెలువడిన పరిశీలనలో రెండు గంటలకు పైగా కారు నడిపినవారి తిత్తి ఉష్ణోగ్రత దాదాపు రెండు డిగ్రీలు పెరిగింది. వెల్డర్ల విషయంలో సాక్ష్యం అంత సూటిగా లేదు. డెన్మార్క్‌లో 1990లో వచ్చిన అధ్యయనాలు వెల్డింగ్ చేసేవారి వీర్య నాణ్యత తగ్గిందని చెప్పగా, అదే దేశంలో తర్వాత జరిగినవి పెద్ద తేడా చూపించలేదు. మధ్యలో గాలి ప్రసరణ ఏర్పాట్లు, మాస్కులు మెరుగుపడడం అందుకు ఒక కారణం కావచ్చని నా అభిప్రాయం. అదే నిజమైతే, యాజమాన్యం చేసే ఖర్చు కార్మికుడి ఇంట్లో ఊయల దాకా చేరుతుందన్నమాట.

రసాయనాల సంగతి వేరు. వాటిలో కొన్ని కలిగించే నష్టం పూడదు. 1977లో కాలిఫోర్నియాలోని లాథ్రప్ అనే ఊళ్లో పురుగుమందుల కర్మాగారంలో జరిగిన ఉదంతం ఈ శాస్త్రానికే మలుపు. డీబీసీపీ అనే నేలలోని నులిపురుగుల మందు తయారుచేసే విభాగంలో పనిచేసేవాళ్లు తమలో ఎవరికీ ఈమధ్య పిల్లలు పుట్టడం లేదని మాటల్లో గమనించారు. ఆ మాట వారు వారి మధ్యే ఉంచుకోకుండా పరీక్షలకు పట్టుబట్టారు. చాలామందికి వీర్యకణాలు బొత్తిగా లేవనో, బాగా తక్కువగా ఉన్నాయనో తేలింది. ఎంత ఎక్కువ కాలం ఆ విభాగంలో పనిచేస్తే నష్టం అంత ఎక్కువ. 1979 నాటికి అమెరికాలో ఆ మందు వాడకాన్ని దాదాపుగా ఆపేశారు. కానీ అప్పటికే మధ్య అమెరికా అరటి తోటల్లో వేలాదిమంది దాని బారిన పడ్డారు. ఈ ఉదంతంలో నన్ను ఆలోచింపజేసేది ఒకటే: కర్మాగారం డాక్టరు కంటే ముందు, ప్రభుత్వ తనిఖీ అధికారి కంటే ముందు సమస్యను కనిపెట్టింది కార్మికులు. సిగ్గుపడి ఊరుకుని ఉంటే అది ఇంకా ఎన్నేళ్లు సాగేదో.

విశాఖకు దగ్గరి ఉదాహరణలు సీసం, కోక్ ఓవెన్ పొగ. రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు దాటినవారిలో వీర్యకణాల సంఖ్య తగ్గుతుందని బ్యాటరీ, లోహ కర్మాగారాల కార్మికులపై అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. గాజువాక వైపు హిందుస్థాన్ జింక్ కర్మాగారం మూతపడి చాలా ఏళ్లయింది. కానీ పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చిన్న కొట్లు ఏ పారిశ్రామిక నగరంలోనైనా ఉంటాయి, అక్కడ పనిచేసేవారి రక్తం ఎవరూ పరీక్షించరు. బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వెలువడే పొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. తైవాన్‌లో కోక్ ఓవెన్ కార్మికులపై 2006లో వచ్చిన అధ్యయనం ఈ పదార్థాలు శరీరంలో చేరిన మోతాదుకూ, వీర్యకణాల డీఎన్ఏకు జరిగిన నష్టానికీ సంబంధం చూపించింది. మామూలు వీర్య పరీక్షలో సంఖ్య, కదలిక బాగానే కనిపిస్తున్నా లోపలి డీఎన్ఏ దెబ్బతిని ఉండవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ప్రకటించిన 43 క్లిష్ట కాలుష్య పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో విశాఖపట్నం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ వాయువు వెంకటాపురంలో, చుట్టుపక్కల పల్లెల్లో 12 మంది ప్రాణాలు తీసింది. స్టైరీన్‌తో ఏళ్ల తరబడి పనిచేసేవారిపై వచ్చిన పరిశోధనలను ఒక్క రాత్రి పీల్చినవారికి యథాతథంగా అన్వయించకూడదు. అయితే ఆ పల్లెల్లో పెళ్లీడు యువకులు ఈ ప్రశ్న అడిగినప్పుడు భయపెట్టకుండా, కొట్టిపారేయకుండా పరీక్ష చేసి చెప్పవలసిన బాధ్యత వైద్య వ్యవస్థది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. ఉక్కునగరం టౌన్‌షిప్‌లో, మల్కాపురంలో, కంచరపాలెంలో బడులు పిల్లలతో కిటకిటలాడుతున్నాయి కదా, మూడు దశాబ్దాలు ఫర్నేసు దగ్గర పనిచేసి ముగ్గురు పిల్లల్ని పెంచిన తండ్రులు ఎందరో ఉన్నారు కదా, మరి వేడి, పొగ నిజంగా హాని చేస్తే ఇదెలా సాధ్యమని. ఆక్షేపణలో వాస్తవం ఉంది. కానీ వృత్తి వల్ల కలిగే హాని ఎక్కువమందిలో పూర్తి వంధ్యత్వంగా బయటపడదు, గర్భం రావడానికి పట్టే కాలం పెరగడంగా బయటపడుతుంది. కణాల సంఖ్య పుష్కలంగా ఉన్న మగవాడిలో అది కొంత తగ్గినా ఇరవై మూడేళ్ల భార్యకు గర్భం రావడానికి అడ్డు కాదు. మొదటి నుంచే సంఖ్య తక్కువగా ఉన్నవాడికి, వృషణాల సిరలు ఉబ్బే వేరికోసీల్ ఉన్నవాడికి, భార్య వయసు ముప్పై అయిదు దాటినవాడికి ఆ తగ్గుదలే గీత దాటిస్తుంది. పాత తరంలో పెళ్లిళ్లు ముందుగా అయ్యేవి, కాలం వారి పక్షాన ఉండేది. ఇప్పుడు చదువులు, ఉద్యోగాలు, ఇంటి అప్పు అయ్యాక పిల్లల కోసం చూసే జంటకు ఒక ఏడాది ఆలస్యం కూడా బరువే. కాబట్టి టౌన్‌షిప్ పిల్లల సందడి వృత్తి ప్రభావం లేదనడానికి రుజువు కాదు. అదే విధంగా, నగరంలో పిల్లలు లేని ప్రతి జంట బాధకూ కాలుష్యమే కారణమనడానికీ ఆధారం లేదు. పనిని విచారించాలని నేను కోరేది నేరం మోపడానికి కాదు, మూడు నెలలు విభాగం మారితే సరిపోయే మనిషిని లక్షల రూపాయల చికిత్సలోకి నెట్టకుండా ఉండడానికి.

ఎక్కువమందిలో కారణం పనికి సంబంధం లేనిదే అవుతుంది, అందుకే పరీక్ష ముందు జరగాలి. వృషణాల చుట్టూ ఉన్న సిరలు ఉబ్బే వేరికోసీల్ మామూలు మగవారిలో సుమారు 15 శాతం మందిలో ఉంటుంది. సంతానం కోసం వచ్చేవారిలో అది 35 నుంచి 40 శాతం. పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినవారు, చిన్నతనంలో వృషణం కిందికి దిగకపోయినా ఎవరూ పట్టించుకోనివారు, పుట్టుకతోనే వీర్యవాహిక లేనివారు, పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు చాలనివారు, మధుమేహం వల్ల స్ఖలనంలో తేడా వచ్చినవారు, ఇలా జాబితా పొడవు. వీర్యంలో కణాలే లేని స్థితి మగవారిలో దాదాపు వందకు ఒకరిలో ఉంటుంది. ఈ విషయంలో మన తెలుగు నేల మీద జరిగిన పరిశోధన విలువైనది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం కణాలు లేని 340 మంది భారతీయ పురుషులను పరిశీలించి, 8.5 శాతం మందిలో వై క్రోమోజోములో కొన్ని ముక్కలు ఊడిపోయి ఉన్నాయని 2003లో ప్రకటించింది. ఆ మనిషి తప్పేమీ చేయలేదు, తిండిలో లోపం లేదు, పూర్వజన్మ పాపం అంతకన్నా లేదు. అయితే వైద్య సహాయంతో కొడుకు పుడితే అదే లోపం అతడికీ వెళ్తుంది, కాబట్టి దంపతులు ఆ సంగతి ముందుగానే తెలుసుకోవాలి.

వీర్య పరీక్ష ఖర్చు కొన్ని వందల రూపాయలు. కోత లేదు, మత్తు లేదు. రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత నమూనా ఇవ్వాలి, ఇంటి దగ్గర సేకరిస్తే గంటలోపు, శరీర వేడి తగ్గకుండా ల్యాబుకు చేర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ఆరో కూర్పు మార్గదర్శకాల్లో కనిష్ఠ ప్రమాణాలు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం 3.9 కోట్లు, కదిలేవి 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, సరైన ఆకారం గలవి 4 శాతం. ఈ చివరి అంకె చూసి గుండె జారిపోయే మగవారు చాలామంది. వందలో 96 కణాల ఆకారం బాగాలేదంటే తాను పనికిరానని అనుకుంటారు. ఈ ప్రమాణాలను ఎలా తీశారో తెలిస్తే ఆ దిగులు ఉండదు. ఏడాదిలోపు భార్యలకు గర్భం వచ్చిన మగవారినే పరీక్షించి, వారిలో అట్టడుగు 5 శాతం మంది దగ్గర గీత గీశారు. అంటే గీతకు కింద ఉన్నవారిలోనూ తండ్రులైనవారు ఉన్నారు, పైన ఉన్నంత మాత్రాన హామీ లేదు. ఒకే మనిషిలో నెలనెలకూ అంకెలు ఎంతో మారతాయి. అందుకే ఒక పరీక్ష బాగాలేకపోతే మళ్లీ చేయించాలి. తీర్పు ఇవ్వవలసింది వైద్యుడు, ల్యాబు కాగితం మీది ఎర్ర గీత కాదు.

ప్రపంచమంతటా మగవారి వీర్యం పలచబడిపోతోందన్న వార్త ఈ భయాన్ని రెట్టింపు చేసింది. డెన్మార్క్ శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించిన సమీక్షలో 1940లో సగటున మిల్లీలీటరుకు 11.3 కోట్లున్న కణాలు 1990 నాటికి 6.6 కోట్లయ్యాయని లెక్కగట్టారు. హగాయ్ లెవీన్ బృందం 2022లో ఆసియా, ఆఫ్రికా దేశాలను కూడా కలిపి చేసిన లెక్కలో 1973 నుంచి 2018 లోగా సగటు 10.1 కోట్ల నుంచి 4.9 కోట్లకు పడింది. లెక్కించే పద్ధతులు మారాయని, పాత నమూనాలు జనాభాకు ప్రతినిధులు కావని విమర్శకులు అంటున్నారు. ఆ విమర్శల్లో కొన్ని సబబైనవే. నా మటుకు, సగటు పడిపోయిందన్న మాట నిజమై ఉండే అవకాశమే ఎక్కువ, దానికి కారణాలు వెతకడం ప్రభుత్వాల పని. అయితే 4.9 కోట్లన్నది కనిష్ఠ ప్రమాణానికి మూడు రెట్లు. ఆ వార్త చదివిన గాజువాక కుర్రవాడు తన విషయంలో భయపడడానికి అందులో ఏమీ లేదు. సగటు అంకె సమాజం సంగతి చెబుతుంది, అతడి సంగతి అతడి పరీక్షే చెప్పాలి.

ఈ ఊళ్లో మాత్రమే గట్టిగా అడగవలసిన మరో ప్రశ్న ఉంది: భార్యాభర్తలు నెలలో ఎన్ని రోజులు ఒక చోట ఉంటున్నారు? తూర్పు నౌకాదళం, మర్చంట్ నేవీ, మరపడవల మీద వారాల తరబడి వేట, గల్ఫ్ ఉద్యోగాలు, వీటికి తోడు ఉక్కు కర్మాగారంలో తిరిగే షిఫ్టులు. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందరి అయిదు రోజులు కలిపి ఆరు రోజులే గర్భం రావడానికి అనువైనవని అమెరికా శాస్త్రవేత్త అలెన్ విల్కాక్స్ బృందం 1995లో నిరూపించింది. భర్త రాత్రి డ్యూటీల వారం, ఓడ తీరం దాటిన నెల ఈ ఆరు రోజుల మీదే పడితే ఆ నెల ప్రయత్నం జరగనట్టే. క్యాలెండరు ప్రకారం రెండేళ్లు గడిచినా లెక్కకు వచ్చేది నాలుగయిదు నెలలే కావచ్చు. అలాంటి జంటకు ఏ లోపమూ లేకుండానే వంధ్యత్వ ముద్ర పడుతుంది. సెలవు తేదీలు అడిగి, ఆ రోజుల లెక్క చెప్పి పంపితే చాలినచోట మందుల చీటీ రాయడం అన్యాయం.

పరీక్షకు వెళ్లని మగవాడు ఊరికే ఉండడు, దుకాణానికి వెళ్తాడు. శక్తి పెంచుతామనే చూర్ణాలు, లేహ్యాలు, జింకు మాత్రలు, జిమ్ములో ఎవరో చెప్పిన ఇంజెక్షన్లు. వీటిలో అన్నింటికంటే ప్రమాదం టెస్టోస్టెరాన్. మగతనానికి మూలమైన హార్మోను కాబట్టి బయటి నుంచి ఇస్తే సంతానం కలుగుతుందని అనుకుంటారు. జరిగేది దానికి పూర్తి వ్యతిరేకం. బయటి హార్మోను రక్తంలో కనిపించగానే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది, తయారీ నిలిచిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవారి గర్భనిరోధక సాధనంగానే పరీక్షించింది: 1990లో ప్రచురించిన ప్రయోగంలో వారం వారం ఈ ఇంజెక్షన్ తీసుకున్న 271 మందిలో 157 మందికి ఆరు నెలల్లోపు వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయి. ఆపేశాక ఎక్కువమందికి తిరిగి వస్తాయి గాని నెలలు పడుతుంది. జింకు, ఫోలిక్ ఆమ్లం మాత్రల వల్ల ఈ హాని లేదు, మేలూ లేదు. అమెరికాలో 2,370 జంటలపై జరిగి 2020లో వెలువడిన ప్రయోగంలో వాటివల్ల వీర్యం మెరుగుపడలేదు, కాన్పులు పెరగలేదు. పొగాకు, ఖైనీ, మితిమీరిన మద్యం మానడం, బరువు తగ్గడం, మధుమేహం అదుపులో పెట్టుకోవడం మాత్రం ఖర్చు లేని మేలు.

వీర్యంలో ఒక్క కణం దొరికినా చాలు కదా, దాన్ని సూదితో అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి ఉంది కదా, ఇక కారణం వెతకడం ఎందుకన్నది మరో ఆక్షేపణ. 1992లో బ్రస్సెల్స్‌లో తొలి గర్భాలు సాధించిన ఆ పద్ధతి ఎందరో మగవారిని తండ్రులను చేసింది, దాని గొప్పతనాన్ని తక్కువ చేయకూడదు. అయితే లోపం భర్తది, ఇంజెక్షన్లు భార్యవి. రోజూ హార్మోన్లు ఎక్కించుకునేది, మత్తిచ్చి అండాలు తీయించుకునేది, ఒక్కోసారి అండాశయాలు ఉబ్బి ఆసుపత్రి పాలయ్యేది ఆమె. వేరికోసీల్‌కు శస్త్రచికిత్స చేస్తే ఏడాదిలో సహజంగా గర్భం వచ్చినవారు 32.9 శాతం, చేయనివారిలో 13.9 శాతం అని 2011లో వెలువడిన ఒక ప్రయోగం చెప్పింది. పిట్యూటరీ లోపం ఉన్నవారికి హార్మోను చికిత్సతోనే కణాలు పుడతాయి. కారణం వెతక్కుండా ఇక్సీకి పంపడమంటే ఈ మగవారికి దక్కవలసిన చికిత్సను వదిలేసి ఆ భారం వారి భార్యల మీద వేయడమే. భయంలో ఉన్న జంట మోసానికీ సులువుగా దొరుకుతుంది. సికింద్రాబాద్ కేంద్రంగా నడుస్తూ విశాఖలోనూ శాఖ ఉన్న ఒక సంతాన సాఫల్య కేంద్రంపై 2025 జూలైలో పోలీసులు కేసు పెట్టారు. అద్దెగర్భం ద్వారా పుట్టిన మీ బిడ్డ అని అప్పగించిన శిశువు డీఎన్ఏ ఆ దంపతులతో సరిపోలలేదన్నది ఆరోపణ. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం ప్రతి కేంద్రానికీ, ప్రతి వీర్య బ్యాంకుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ పత్రం చూపించమని అడగడం దంపతుల హక్కు.

చివరిది పరువు. మగవాడిని ముందుగా పరీక్షించమంటే కాపురంలో కలతలు వస్తాయని, అతడు కుంగిపోతాడని పెద్దలు అంటారు. సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే సంతానం కలుగుతుందన్నది ఈ ప్రాంతంలో తరతరాల నమ్మకం. ఆ మొక్కు తీర్చడానికి భార్యాభర్తలు ఇద్దరూ కొండెక్కుతారు, అందులో ఎవరికీ చిన్నతనం అనిపించదు. ఆసుపత్రికి మాత్రం ఆమెను ఒక్కదాన్నే పంపడం ఏ సంప్రదాయం? పరువు కాపాడుకోవడానికి అతడు ఆలస్యం చేసే ప్రతి ఏడూ ఆమె అండాల వయసులోంచి పోతుంది. రెండేళ్ల తర్వాత తేలే నిజం మొదటి నెలలో తేలితే కుంగుబాటు పెరగదు, చికిత్సకు సమయం మిగులుతుంది. ప్రభుత్వం విషయానికొస్తే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్ సంతానోత్పత్తి రేటు 1.7గా నమోదైంది. జనాభా నిలకడకు కావలసింది 2.1. 2024 నవంబరులో శాసనసభ స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తివేసింది. ఎక్కువమందిని కనండని చెప్పే ప్రభుత్వం, ఒక్కరి కోసం ఎదురుచూసే జంటకు తోడ్పడాలి. తెలంగాణలో 2023లో గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం తెరిచారు. శతాబ్దం పైబడిన ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్న విశాఖలో ఉత్తరాంధ్ర కార్మికుల కోసం పురుషుల సంతానలేమికి ప్రత్యేక విభాగం కోరడం అత్యాశ కాదు.

1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సీసం విషప్రభావం ఉండేది, సంతానలేమి ఉండేది కాదు. ఏటా జరిగే కార్మికుల వైద్య పరీక్షల్లో చెవి, కన్ను, ఊపిరితిత్తులు చూస్తారు. ఆ ఫారంలో "పిల్లల కోసం ఏడాదికి మించి ప్రయత్నిస్తున్నారా?" అన్న ఒక్క వరుస చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. అవునన్న కార్మికుడి పేరు పై అధికారికి తెలియకుండా పరీక్షకు పంపాలి, అవసరమైతే జీతం తగ్గకుండా కొన్ని నెలలు వేడి, పొగ లేని చోట పని ఇవ్వాలి. ఈ సౌకర్యం పర్మినెంట్ ఉద్యోగితో పాటు అదే ఫర్నేసు కింద నిలబడే కాంట్రాక్టు కార్మికుడికీ అందాలి. యూనియన్లు జీతం, బోనసు అడిగే చోటే ఇదీ అడగాలి. భర్తలకు చెప్పేది ఒకటే: ప్రయత్నం మొదలుపెట్టి ఏడాది దాటితే, భార్య వయసు 35 దాటి ఉంటే ఆరు నెలలకే, ఆమెకు ఏ స్కానింగూ రాయించకముందే మీ వీర్య పరీక్ష చేయించుకోండి. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి, మీరు ఎక్కడ, ఏ షిఫ్టులో, ఏ పని చేస్తారో ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.